గుంపులో ముఖమెక్కడ?



నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు. అయితే ఊరంతయు ఒక్క నోటినే వినుచున్నప్పుడు ఆ నోటి మంచిచెడ్డలకు పూచీ యెవరిది? పాటగాడో, నటుడో, ఆటగాడో తన విద్యచేత జనుల ప్రేమను సంపాదించుకొనును. పిమ్మట ఆ ప్రేమనే పెట్టుబడిగా పెట్టి, ‘దీనిని కొనుడి, ఇతనికి వోటు వేయుడి’ అని చెప్పును. అప్పుడు కలుగు మేలుకీడుల భారము చెప్పినవాని మీదనే యుండునా, వినినవారి మీదను కొంత పడునా? 1983 జనవరిలో నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రి యైన నాటినుండి తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. కాని టెలివిజను యుగము ఆరంభమగుచున్న దినములలోనే దీనిని సూటిగా వేసిన అమెరికా చలనచిత్ర మొకటి గలదు. దానిలోని సత్యమును, దానిలోని లోపమును రెండింటిని మీతో కలిసి పరీక్షింప గోరుచున్నాను.

ఆ చిత్రము పేరు ‘ఎ ఫేస్ ఇన్ ది క్రౌడ్’, అనగా ‘గుంపులో ఒక ముఖము’. అది 1957లో విడుదలయ్యెను. దర్శకుడు ఏలియా కజాన్. తాను పూర్వము వ్రాసిన ఒక చిన్నకథను పెంచి దీనికి రచన చేసినవాడు బడ్ షుల్‌బెర్గ్. వీరిద్దరు కలిసి పనిచేసిన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ అను 1954 నాటి చిత్రమునకు ఎనిమిది ఆస్కారు బహుమానములు వచ్చెను. ఈ చిత్రమునకు మాత్రము ఆ కాలమున అంత ఆదరణ లభింపలేదు. ఏండ్లు గడచిన కొలది దాని విలువ తెలియవచ్చి, 2008లో భద్రపరచదగిన జాతీయ చలనచిత్రముల పట్టికలో చేర్చబడినది.

కథ యిట్టిది. ఆర్కన్సా రాష్ట్రములోని ఒక చిన్న పట్టణమున మార్షియా జెఫ్రీస్ అను చదువుకొన్న యువతి రేడియోలో పనిచేయుచుండును. సామాన్య జనుల గొంతులను శ్రోతలకు వినిపింపవలెనని ఆమె కోరిక. ఆమె కార్యక్రమము పేరే ‘గుంపులో ఒక ముఖము’. ఒకనాడు మైకు పట్టుకొని పట్టణపు జైలుకు పోగా, త్రాగి అల్లరి చేసి పట్టుబడిన లారీ రోడ్స్ అను దేశదిమ్మరి అక్కడ పడి నిద్రించుచుండును. త్వరగా విడిచిపెట్టెదమని షెరీఫు ఆశ చూపగా అతడు గిటారు తీసి పాడును. ఆ గొంతులో మోటుతనమున్నది, నవ్వున్నది, ఎవరినైనను తనవానిగా చేసికొను చనువున్నది. మార్షియా అతనికి ‘లోన్‌సమ్’ అని, అనగా ‘ఒంటరివాడు’ అని, పేరు పెట్టి రేడియోలో నిలుపును.

కొలది దినములలోనే అతడు తన బలమును కనుగొనును. మేయరు పదవికి నిలిచిన షెరీఫు కుక్కలు పట్టువాని పనికైనను తగునో లేదో చూతము, మీ కుక్కలను అతని యింటికి తోలుడని పరిహాసముగా చెప్పగా, ఊరి కుక్కలన్నియు షెరీఫు ముంగిట చేరును. తన మాటకు జనులు కదలుదురని తెలిసిన ఆ గడియలో అతని కన్నులలో మెరసిన వెలుగును చదువరి గమనింపవలెను. చిత్రమంతయు ఆ మెరుపులోనుండి పుట్టినదే.

అక్కడనుండి మెంఫిస్ పట్టణపు టెలివిజనుకు పోవును. ఆపదలో నున్న ఒక నల్లజాతి స్త్రీని కెమెరా ముందునకు తెచ్చి సహాయము చేయుడని అడుగగా జనులు డబ్బు కుప్పలుగా పంపుదురు. తన కార్యక్రమమునకు డబ్బిచ్చు పరుపుల వ్యాపారినే అతడు ఎగతాళి చేయును. వ్యాపారి కోపించి అతనిని తొలగింపగా అభిమానులు ఆ పరుపులను వీధిలో తగులబెట్టుదురు. కాని చిత్రమేమన, ఆ గొడవలో పరుపుల అమ్మకము పెరుగును! పిమ్మట న్యూయార్కు. అక్కడ వైటాజెక్స్ అను మాత్రలను అమ్మిపెట్టు పని దొరకును. ఆ మాత్రలలో చెప్పుకొనదగిన గుణమేమియు లేకపోయినను, రోడ్స్ నవ్వుచు ఆడుచు చెప్పగా దేశము వాటికై ఎగబడును. ఆ కంపెనీ యజమానియైన జనరల్ హేన్స్‌వర్త్ అప్పుడొక ఆలోచన చేయును: మాత్రలను అమ్మగలవాడు మనుష్యుని మాత్రము అమ్మలేడా? అధ్యక్షపదవిని కోరుచున్న ఫుల్లర్ అను బిగుసుకొనిపోయిన సెనేటరును రోడ్స్ చేతికి అప్పగించును. రోడ్స్ అతనికి ముద్దుపేరు పెట్టి, నవ్వుట నేర్పి, తన కార్యక్రమములో కూర్చుండబెట్టును. ఫుల్లర్ గెలిచినయెడల ప్రజల ఉత్సాహమును కాపాడుటకై ఒక మంత్రిపదవి సృష్టించి తనకీయవలెనని కలలు గనును.

ముగింపు వచ్చును. ఒక రాత్రి కార్యక్రమము ముగిసి, ధ్వని ఆపబడి, చిరునవ్వు ముఖము మాత్రము తెరపై కనబడుచుండగా, రోడ్స్ తన ప్రేక్షకులను తెలివిలేని జంతువులతో పోల్చి తిట్టుచుండును. యంత్రముల గదిలో నున్న మార్షియా సహింపలేక ధ్వనిని విడుచును. దేశమంతయు వినును. అతడు లిఫ్టులో క్రిందికి దిగుచున్నంతసేపు టెలిఫోనులు మ్రోగుచు అతని కీర్తి అంతస్తు వెంబడి అంతస్తుగా కూలిపోవును. ఆ రాత్రి పిలిచిన పెద్దలెవరును విందుకు రారు. తాను చెప్పినప్పుడెల్ల చప్పట్లు కొట్టు యంత్రమొకటి అతని మేడలో నున్నది. ఆ యంత్రముతో అతడొక్కడే మిగిలి కేకలు వేయుచుండగా కథ ముగియును. రోడ్స్ పాత్రధారి ఆండీ గ్రిఫిత్‌కు ఇదియే మొదటి చిత్రమన్న నమ్మ శక్యము కాదు. మార్షియాగా పాట్రీషియా నీల్ మాటలకంటె మౌనముతోనే ఎక్కువ చెప్పినది.

ఈ చిత్రములో మెచ్చదగినవి రెండు గలవు.

మొదటిది, కీర్తి అధికారముగా మారు యంత్రమును విప్పి చూపిన తీరు. రోడ్స్ ఒక్కడే పైకి ఎక్కలేదు. మైకు ఇచ్చినదొకరు, ఒప్పందములు కుదిర్చినవాడొకడు, సరుకు ఇచ్చినవాడొకడు, పదవి కోరినవాడొకడు. ప్రతివాడును తన లాభమునకై ఒక మెట్టు వేసెను. ఇది ఊహ మాత్రమే కాదు. 1950లో అమెరికాలో పదిండ్లలో ఒక యింటనే టెలివిజను ఉండగా, ఈ చిత్రము వచ్చునాటికి పదింటిలో దాదాపు ఎనిమిది యిండ్లలోనికి అది ప్రవేశించినది. 1952 ఎన్నికలలో ఐసెన్‌హోవర్ పక్షమువారు సబ్బుకు మాత్రకు చేయునట్టి చిన్న ప్రకటనలను ఆయనకై టెలివిజనులో వేయించిరి. ఆ సెప్టెంబరులోనే ఉపాధ్యక్ష పదవికి నిలిచిన నిక్సన్, తనపై వచ్చిన ధనసంబంధమైన ఆరోపణకు సమాధానముగా టెలివిజనులో కూర్చుండి, తన బిడ్డలు ప్రేమించు కుక్కపిల్ల సంగతి చెప్పి జనుల హృదయములను గెలిచెను. సుమారు 6 కోట్లమంది దానిని చూచిరని అంచనా. నటుడైన రోనాల్డ్ రీగన్ 1954 నుండి 1962 వరకు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి టెలివిజను కార్యక్రమమును నడుపుచు, వారి కర్మాగారములు తిరిగి ప్రసంగించుచు మాటనేర్పు సంపాదించెను. ఆయన 1967లో కాలిఫోర్నియా గవర్నరు, 1981లో దేశాధ్యక్షుడు ఆయెను. నిక్సన్ గాని రీగన్ గాని రోడ్స్ వంటివారని నేననుట లేదు. వారు నడచిన త్రోవ ఎట్లు వేయబడినదో చిత్రము ముందుగా చూచినదని మాత్రమే చెప్పుచున్నాను.

రెండవది మార్షియా. ఈ చిత్రపు హృదయము ఆమెయే. రోడ్స్ కపటమును మొదట కనుగొనినది ఆమె. తనను పెండ్లాడుదునని చెప్పి వేరొక బాలికను పెండ్లాడినప్పుడు ఆమెకు అతని స్వభావము పూర్తిగా తెలిసినది. అయినను విడువలేదు. ప్రేమ కొంత, తాను పెంచిన చెట్టన్న మమకారము కొంత, అతని వెంట వచ్చిన పెద్దతనము కొంత. మెల్ మిల్లర్ అను రచయితయు అంతే. అన్నియు గ్రహించి, అవతల కూర్చుండి, వ్యంగ్యమాడి, పుస్తకము వ్రాయబోవును. దుష్టునికంటె దుష్టుని ఎరిగియు ఊరకుండిన మంచివారి సంగతియే ఈ చిత్రములో మనలను ఎక్కువగా గుచ్చును. మొక్కై వంగనిది మ్రానై వంగునా? కుక్కల పరిహాసము నాడే ఆమె ఒక్క మాట చెప్పియుండవలసినది. మైకు తీసి యిచ్చిన చేయియే దాని పనికి మొదటి పూచీదారు.

ఇక లోపమునకు వత్తము. ఇది చిన్న లోపము కాదు.

చిత్రము పేరు ‘గుంపులో ఒక ముఖము’. కాని రెండు గంటలకు మించిన ఆ చిత్రములో గుంపే యున్నది, ముఖము లేదు. వినువారిని క్షణకాలము చూపుదురు. వంటయింటిలో తల యూపు గృహిణి, కేకలు వేయు పడుచులు, వీధిలో పరుపులు కాల్చు యువకులు. వారిలో ఒక్కరితోనైనను మనకు పరిచయము కలుగదు. గుంపులోనుండి కథలోనికి వచ్చిన బెట్టీ లూ అను బాలికను కూడ అందమైన వెర్రిదిగానే చిత్రించిరి. వైటాజెక్స్ కొనినవాడు ఎందుకు కొనెను? పగలంతయు ఒంటరిగా నుండు ఏ స్త్రీకి రోడ్స్ గొంతు తోడాయెను? కష్టములో నున్న స్త్రీకి డబ్బు పంపిన పేదవాని దయ నిజమైనదే గదా, దాని సంగతి యేమి? వీటికి జవాబు లేదు. జనులు మొదట వెర్రిగా ప్రేమింతురు, చివర వెర్రిగా తిట్టుదురు. రెండుమారులును మందవలెనే.

చదువరీ, యోచించుము. రోడ్స్ చేసిన మహాపరాధమేది? తన్ను ప్రేమించినవారిని మనుష్యులుగా కాక మందగా ఎంచుట. ఆ తప్పునకే చిత్రము అతనిని శిక్షించును. కాని చిత్రముగూడ వారిని మందగానే ఎంచుచున్నది! తిరస్కారమును ఖండించుటకు పూనుకొనినవాడే తిరస్కారముతో చూచినయెడల ఆ ఖండనకు సగము బలము తగ్గిపోవును.

ఈ లోపమువలననే ముగింపు అంత సులువాయెను. మంద గనుక ఒక్క కేకతో చెదరిపోయినది. మెల్ చివర రోడ్సుతో, నీకు మరల ఏదో యొకచోట పని దొరకును గాని మునుపటివలె ఉండదని చెప్పుట నిజమే. అయినను ఒక్క లిఫ్టు దిగునంతలో దేశము కన్నులు తెరచునని చిత్రము నమ్మినది. లోకానుభవము వేరుగా నున్నది. ఆ దినములలో ఆర్థర్ గాడ్‌ఫ్రీ అను మహాప్రసిద్ధుడు 1953 అక్టోబరులో తన గాయకుడైన జూలియస్ లా రోసాను శ్రోతలు వినుచుండగానే కొలువునుండి తొలగించెను. జనులు నొచ్చుకొనిరి, ఆయన పేరు మెల్లమెల్లగా తగ్గినది. అయినను ఆయన టెలివిజను కార్యక్రమములు 1959 వరకు, రేడియో 1972 వరకు సాగుచునే యుండెను. ఇంతకంటె దగ్గరి నిదర్శనము మన కాలములోనే గలదు. 2004 నుండి ‘ది అప్రెంటిస్’ అను టెలివిజను కార్యక్రమముచేత ఇంటింటికి పరిచితుడైన డోనాల్డ్ ట్రంప్, 2005లో మైకు పనిచేయుచుండగా స్త్రీలను గూర్చి పలికిన హీనమైన మాటల రికార్డు 2016 అక్టోబరు 7న లోకమునకు వెల్లడి యాయెను. ఆయన క్షమాపణ చెప్పెను. నెల గడచిన పిమ్మట జరిగిన ఎన్నికలో ఆయనే గెలిచెను. 2024లో మరల గెలిచెను. అనగా మార్షియా చేసిన పని నిజముగానే జరిగినది, లిఫ్టు మాత్రము దిగలేదు.

దీనినిబట్టి ఆయనకు వోటు వేసినవారందరు మూఢులని తీర్పు తీర్చినయెడల మనమును చిత్రము చేసిన తప్పే చేసినవారమగుదుము. కోట్లమందికి కోట్ల కారణములుండును: జీతము, ధరలు, మూతపడిన మిల్లు, ఎదుటి పక్షముపై అపనమ్మకము. కొందరు ఆ మాటలను అసహ్యించుకొనుచునే వోటు వేసిరి. ముఖములు చూడనివానికి ఇవి కనబడవు. వినువాడు కపటము తెలియక మాత్రమే మోసపోవునని, తెలిపినంత మాత్రమున బాగుపడునని అనుకొనుట మనుష్యుని తక్కువగా అంచనా వేయుటయే.

మరియొక కొరతయు గలదు. ఈ చిత్రములో ప్రసిద్ధి పొందినవాడు మోసగాడు, మంచివాడు మౌని. మూడవ త్రోవ లేదు. అట్లయిన కళాకారుడు లోకవిషయములలో నోరు మెదపకుండుటయే మేలా? కాదు. చిత్రము వచ్చిన ఆ కాలముననే హ్యారీ బెలఫాంటే అను నల్లజాతి గాయకుని పాటలు అమెరికా అంతట మారుమ్రోగుచుండెను. ఆయన మార్టిన్ లూథర్ కింగ్‌కు తోడుగా నిలిచి, ఉద్యమమునకు ధనము కూర్చెను. 1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రమున నల్లవారిని వోటర్లుగా నమోదు చేయించు పనిలో నున్న ముగ్గురు యువకులు చంపబడిరి. మిగిలినవారికి డబ్బు కావలసి వచ్చినది. బెలఫాంటే 70,000 డాలర్లు కూర్చి, నటుడు సిడ్నీ పోయిటియెను వెంటబెట్టుకొని, ఆ సొమ్మును సంచిలో పెట్టి స్వయముగా గ్రీన్‌వుడ్ పట్టణమునకు మోసికొనిపోయెను. విమానము దిగిన రాత్రి విరోధుల బండ్లు వారిని వెంటాడెను. అయినను చేరవలసిన చోటికి చేరిరి. రోడ్స్ చేయించిన దానమునకును దీనికిని భేదమెక్కడ? రోడ్స్ దయ కెమెరా ముందర జరిగినది, దానివలన పెరిగినది అతని కీర్తి. బెలఫాంటే తన కీర్తిని ఖర్చు పెట్టెను, ప్రాణమును పణముగా ఒడ్డెను. పేరుగలవాడు ఒక కార్యమునకై నోరు విప్పినప్పుడు మన మడుగవలసిన ప్రశ్న ఇదియే: ఈ మాటకు వెల చెల్లించుచున్నవాడెవడు? అతడా, మనమా?

ఈ ప్రశ్న చిత్రమును తీసినవారికిని తగులకపోదు. దేశములో కమ్యూనిస్టుల వేట సాగుచున్న ఆ కాలమున కజాన్ 1952లో కాంగ్రెసు కమిటీ యెదుట, పూర్వము తనతో నాటకసమాజములో పనిచేసిన ఎనిమిదిమంది పేర్లు చెప్పెను. అంతకు ముందటి యేడు షుల్‌బెర్గ్ కూడ పేర్లు చెప్పెను. పేరు బయటపడిన వారికి ఆ రోజులలో సినిమా పని దొరకుట కష్టమాయెను. కజాన్ తన పని సరియైనదేయని వాదించెను, నొచ్చినవారు మరువలేదు. 1999లో ఆయనకు గౌరవ ఆస్కారు ఇచ్చునప్పుడు సభలో కొందరు లేచి చప్పట్లు కొట్టగా, కొందరు చేతులు కట్టుకొని కూర్చుండిరి. ఆ ఎనిమిది పేర్లకును ఎనిమిది ముఖములున్నవి గదా! గుంపు మౌనమును, మంచివారి మౌనమును అంత కఠినముగా చూపిన చిత్రము, మాటాడుటవలన కలుగు హానిని గూర్చి ఏమియు చెప్పక పోవుట నాకు గుచ్చుచున్నది. అంతమాత్రమున చిత్రమును పారవేయుదమా? వలదు. వంకర చేయి పట్టుకొనిన దీపమైనను త్రోవ చూపును. అయితే ఆ చేయి నీడ ఎక్కడ పడుచున్నదో ఎరిగి నడువవలెను.

షుల్‌బెర్గ్ జీవితములో మరియొక ఘట్టము గలదు. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ నగరములోని వాట్స్ అను నల్లవారి పేటలో పెద్ద అల్లరులు చెలరేగి ఇండ్లు కాలిపోయెను. పత్రికలన్నియు ‘గుంపు’, ‘మూక’ అని వ్రాసెను. షుల్‌బెర్గ్ అక్కడికి పోయి, రచన నేర్పెదను రండని ఒక ప్రకటన అంటించి కూర్చుండెను. మొదట కొన్నాళ్లు ఎవరును రాలేదు. ఆయన మరల మరల పోయి కూర్చుండెను. మెల్లగా ఒకరు, ఇద్దరు, పలువురు వచ్చి తమ కవితలు, కథలు చదువసాగిరి. ఆ విధముగా వాట్స్ రచయితల సంఘము వెలసినది. వారి రచనల సంపుటము 1967లో అచ్చయ్యెను. పదియేండ్ల క్రిందట తన చిత్రములో చూపలేకపోయిన ముఖములను ఆయన అక్కడ చూచెనని నా తలంపు. ఈసారి మైకు పట్టినవాడు మాట్లాడలేదు, వినెను.

కావున, చదువరీ, దొరికినయెడల ఈ చిత్రమును చూడుము. రోడ్సును చూచి నవ్వి, అసహ్యించుకొని లేచిపోవద్దు. ఈనాడు మైకు మార్షియా చేతిలో మాత్రమే లేదు. నీ చేతిలోని ఫోనే మైకు. ప్రియమైన నటుని మాటను పదిమందికి పంపినప్పుడెల్ల నీవును ఒక మెట్టు వేయుచున్నావు. పంపుటకు ముందు మూడు సంగతులు విచారింపుము. ఈ మనుష్యుని విద్యను ప్రేమించుచున్నానా, ఆ ప్రేమచేత అతడెరుగని విషయములోను అతనిని నమ్ముచున్నానా? ఈ మాటకు అతడు చెల్లించు వెల యేమి? ఈ మాట ఎవనిని మందగా మార్చుచున్నది? పాట బాగున్నదని పాటగానిని మెచ్చుకొనుట న్యాయమే. వోటు మాత్రము పాటకు ఇచ్చు బహుమానము కాదు.

నిన్ను గుంపని పిలుచువారు ఎప్పుడును ఉందురు. పొగడుటకును అట్లే పిలుతురు, తిట్టుటకును అట్లే పిలుతురు. నీవు గుంపు కావు. నీకొక ముఖమున్నది, ఒక పేరున్నది, లెక్క అప్పగింపవలసిన ఒక మనస్సాక్షి యున్నది. నీ ప్రక్కన కూర్చుండి వేరొకరికి చప్పట్లు కొట్టుచున్న పొరుగువానికిని అవి యున్నవి. ముందు అతని ముఖమును చూడుము.